అత్తగారు అడిగిన ప్రశ్న

పుస్తకం చేతికొస్తే పొయ్యిమీద కూర మాడినా తెలియని మనిషిని నేను. అయితే నాది ఆబగా చదివే అలవాటు, ముగించడమే ధ్యాస. మా అత్తగారికి అక్షరాలు రావు. కొద్ది నెలలుగా రాత్రి కుటుంబ ప్రార్థన అయ్యాక ఆమెకు పైకి చదివి వినిపిస్తున్నాను.

మొదట జాషువాగారి ‘క్రీస్తు చరిత్ర’ చదివాను. 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందిన కావ్యమది. పద్యాలాయె, ఏమర్థమవుతాయిలే అనుకున్నాను. ‘మళ్ళీ చదువమ్మా’ అని ఆమే అడిగేవారు.

తరువాత జాన్ బన్యన్ ‘యాత్రికుని ప్రయాణము’ పట్టాం. యాత్రికుడు చెవుల్లో వేళ్ళు పెట్టుకొని పరుగెత్తే చోట అత్తగారు ఆపారు.

“పెళ్ళాం బిడ్డలు పిలుస్తుంటే వినకుండా పోయాడా? వాళ్ళకు కూడెవరు పెట్టారు?”

రెండుసార్లు చదివిన పుస్తకమే, నాకా ప్రశ్న తోచనే లేదు. మామగారు సువార్త పనిమీద ఊళ్ళు తిరిగిన రోజుల్లో నాట్లకు, కోతలకు వెళ్ళి ముగ్గురు పిల్లలను సాకింది ఆమే.

బన్యన్ సంగతి చెప్పాను. బోధ మానను అన్నందుకు 1660 నుండి 12 ఏళ్ళు బెడ్‌ఫర్డ్ చెరసాలలో ఉన్నాడు. ఇంటివద్ద భార్య, నలుగురు పిల్లలు. పెద్దమ్మాయికి చూపు లేదు. చెరలోనే లేసులు తయారుచేసి, ఆ డబ్బుతో వాళ్ళను పోషించాడు.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. “లేసులైనా చేశాడు” అన్నారు చివరికి.

ఆ భార్యాబిడ్డల ప్రయాణాన్ని బన్యన్ 1684లో రెండవ భాగంగా రాశాడని చెప్పానో లేదో, “అది తెప్పించు” అన్నారు. పట్నం వెళ్ళేవారికి చెప్పి పంపాను. మొదటి భాగం ఇంకా సగమైనా కాలేదు, రెండోది వచ్చిందా అని రోజూ అడుగుతున్నారు.