పొద్దుగూకినంక మొదలయ్యే రోజు

పెద్దవూరకు దక్షిణం దిక్కున ఆకాశం రాత్రిపూట పూర్తిగా నల్లబడేది కాదు. అటు ఇరవై కిలోమీటర్ల దూరంలో నాగార్జునసాగర్. డ్యాం మీది లైట్లు, హిల్ కాలనీ, పైలాన్ కాలనీల లైట్లు కలిసి ఆ మూలన పలుచటి తెలుపు ఒకటి తెల్లవార్లూ నిలిచి ఉండేది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ వచ్చి పునాదిరాయి వేసిన నాటికి మా నాయన చిన్న పిల్లగాడు. 1967లో ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్లు వదిలింది. ఎడమ కాల్వ మా పక్కనే చలకుర్తి దగ్గర సొరంగంలో దూరి అవతల తేలుతుంది. 1978లో సాగర్ దగ్గర కరెంటు తీయడం మొదలుపెట్టారు. ఆ కరెంటు పెద్ద పెద్ద టవర్ల మీద చేన్లు దాటుకుంటూ ఎటో పోయేది. మా వాడలో మాత్రం ఎక్కబుడ్డీ, కందిలే. తర్వాత కొన్నేండ్లకు స్తంభాలు పాతి తీగలు లాగారు గానీ, కరెంటు ఉన్న పొద్దు కంటే పోయిన పొద్దే ఎక్కువ.

మా చర్చిలో విన్న వెలుగు మాటలన్నీ ఇట్లాంటి చోట విన్నవి. అందుకేనేమో, బైబిల్లో వెలుగంటే మంచి, చీకటంటే చెడ్డ అని ఎవరన్నా రెండు ముక్కల్లో తేల్చి చెబితే నాకు ఇప్పటికీ మనసొప్పదు.

కందిలి గ్లాసు తుడవడం నా పని. చెయ్యి చిన్నది కాబట్టి లోపలికి పడుతుందని ఆ పని పిల్లలకే పెట్టేవారు. పొయ్యిల బూడిద కొద్దిగా అద్ది, పాత ధోవతి ముక్కతో తుడవాలి. గ్లాసు పగిలితే వీపు పగిలేది. గ్యాస్‌నూనె కంట్రోలు దుకాణంలో నెలకోసారి ఇచ్చేది, అది నెలాఖరు దాకా రావాలె. అన్నం తినేటప్పుడు వత్తి కొంచెం పెంచి, తినడం కాంగనే తగ్గించేవాళ్లు. చదువుకుంటానంటే మళ్లీ పెంచేవాళ్లు. మత్తయి సువార్త ఇరవై అయిదో అధ్యాయంలో పదిమంది కన్యకల కథ ఉంది. పెండ్లికొడుకు ఆలస్యమైతే అయిదుగురి దివిటీలు కొండెక్కుతాయి, మిగిలిన అయిదుగురు తమ నూనె ఇవ్వలేమంటారు. మా వాడలో ఆ కథను విడమరిచి చెప్పే అవసరం ఎవరికీ రాలేదు. నూనె అయిపోవడమంటే ఏమిటో అందరికీ తెలుసు.

తెలుసు కాబట్టే నాయనమ్మకు ఆ కథ మింగుడు పడలేదు. ఆమెకు కోపమంతా బుద్ధిగల కన్యకల మీద. "పెండ్లింటికి పొయ్యేటోళ్లు గుక్కెడు నూనె పొయ్యకపోతిరా? రేపు వాళ్లకు తక్కువ పడదా?" అనేది. మా వాడలో చీకటి పడినంక పక్కింటి పిల్లగాడు బుడ్డి పట్టుకొని వస్తే లేదన్న ఇల్లు నాకు తెలియదు. ఒకరి సిద్ధపాటు ఇంకొకరికి అప్పు ఇచ్చేది కాదమ్మా, విశ్వాసం ఎవరిది వారికే ఉండాలి అని పాస్టరు అయ్యగారు ఓపిగ్గా చెప్పేవారు. ఆమె తల ఊపేది. ఇంటికొచ్చి మళ్లీ అదే మాట. వేదాంతంలో అయ్యగారిదే సరి. అయినా గ్యాస్‌నూనె విషయంలో నాయనమ్మ మాటే నాకు నచ్చుతుంది.

మా ప్రార్థనలు ఎక్కువగా రాత్రిపూటే. ఆదివారం పగలు ఆరాధన ఉన్నా, వాడంతా కూడేది మాత్రం రాత్రి ఇంటింటి ప్రార్థనకే. ఒక్కొక్క వారం ఒక్కొక్కరి వాకిట్లో చాప పరిచి, నడుమ కందిలి పెట్టి, కంజీర, తాళాలు తీసేవాళ్లు. దీనికి దైవశాస్త్రం కారణం కాదు. పగలు మావి కావు, అంతే. నాట్లు, కలుపులు, కోతలు, కల్లాలు. పొద్దు పొడవక ముందే పోతే పొద్దుగూకినంక వచ్చేవాళ్లు. నాయనమ్మ అత్తగారి కాలంలో అయితే వెట్టి. దొర గడీ నుంచి కబురొస్తే చేతిలో ముద్ద వదిలి పోవలసిందే. 1890 ప్రాంతంలో అబ్రహాం ఫ్రీసెన్ అనే మెనోనైట్ బ్రదరెన్ మిషనరీ రష్యా నుంచి వచ్చి, అమెరికన్ బాప్టిస్టు మిషన్‌తో కలిసి నల్లగొండలో పని మొదలుపెట్టాడు. తర్వాత దేవరకొండ వైపు కూడా మెనోనైట్ బ్రదరెన్ మిషన్ వచ్చింది. నిజాం రాజ్యంలో జీతగాళ్లకూ వెట్టివాళ్లకూ దేవుడి మాట చెప్పాలంటే చీకటి పడేదాకా ఆగక తప్పదు. 1940లలో దొరలకు ఎదురు తిరగమని చెప్పడానికి వచ్చిన కమ్యూనిస్టులు కూడా అదే వేళకు, అవే వాడలకు వచ్చారు. పగలు కూడే తీరిక ఉన్నవాళ్ల కోసం వాళ్లు రాలేదు మరి.

ఏడో ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక రాత్రి అయ్యగారు చెప్పిన సంగతి నన్ను వదలలేదు. ఆదికాండము మొదటి అధ్యాయంలో రోజును లెక్కపెట్టే తీరు గమనించమన్నారు. సాయంత్రం ముందు వస్తుంది, ఉదయం తర్వాత. రెండూ కలిస్తే ఒక రోజు. యూదులు ఇప్పటికీ విశ్రాంతిదినాన్ని శుక్రవారం పొద్దుగూకడంతోనే మొదలుపెడతారు. "మనం కూడా అంతే కదా, పని దిగినంకనే మన రోజు మొదలు" అని నవ్వారు. కంజీర పట్టుకున్న పెద్దనాయన, "అయితే పగలంతా ఏందయ్యగారూ?" అని అడిగాడు. "పగలు ఆసామిది" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ పడీపడీ నవ్వారు. ఆ నవ్వులో ఎంత చేదు ఉందో పిల్లలకు తెలియలేదు.

అదే అధ్యాయంలో నాకు ఇంకో చిక్కు దొరికింది. వెలుగు మొదటి రోజే పుడుతుంది. సూర్యుడూ చంద్రుడూ నాలుగో రోజు గానీ రారు. మరి మూడు రోజుల వెలుగు ఎక్కడిది? బడిలో సైన్సు సారుకు ఇది చెబితే నవ్వుతారని అడగలేదు. నాయనమ్మను అడిగాను. "లాంతరు లేకముందు దేవునికి కండ్లు కనపడలేదనుకున్నవా?" అంది. ఇదే ప్రశ్న మీద పదహారు వందల ఏండ్ల కిందట ఉత్తర ఆఫ్రికాలో అగస్టీన్ అనే బిషపు పేజీలకు పేజీలు రాసి, ఆ రోజులు ఎట్లాంటివో ఊహించడం కష్టమని ఒప్పుకున్నాడని చాలా కాలం తర్వాత చదివాను. బైబిలు చివర ప్రకటన గ్రంథంలో వచ్చే పట్టణానికి కూడా సూర్యుడు అక్కర ఉండదు. మొదట్లోనూ లేడు, చివరనూ లేడు. నడుమ కొంతకాలం పని మీద పెట్టిన జీతగాడు సూర్యుడు. సూర్యుణ్ణి చూసి భయపడే ఊళ్లో పెరిగిన వాడికి ఈ మాట ఎంత ఊరటో చెప్పలేను.

ఎండ గురించి చెప్పకుండా పెద్దవూర గురించి చెప్పడం కుదరదు. నల్లగొండ జిల్లాలో ఏప్రిల్ నెల మధ్యాహ్నం బయట తిరిగినవాళ్లకు నేను చెప్పేదేమీ లేదు. మంచి శుక్రవారం ఆరాధన సరిగ్గా ఆ వేళకే, పన్నెండు నుంచి మూడు దాకా. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ఏడు ప్రసంగాలు. రేకుల కప్పు కింద కూర్చుంటే చెమట కాళ్ల మీదుగా చాప మీదికి దిగేది. మధ్యాహ్నం నుంచి మూడింటి దాకా దేశమంతటా చీకటి కమ్మిందని చదివే చోటికి వచ్చేసరికి, భయపడాల్సింది పోయి నాకు లోపల ఒకరకంగా చల్లబడేది. ఇప్పుడు ఇక్కడ కూడా అట్ల కమ్మితే బాగుండు అనిపించేది. పాపపు ఆలోచనేమో అనుకున్నాను గానీ, కీర్తనలు రాసినవాళ్లు కూడా ఎండదేశం వాళ్లే. నూట ఇరవై ఒకటో కీర్తనలో దేవుడు నీడగా ఉంటాడు, పగటి ఎండ దెబ్బ తగలనీయడు. ఎడారిలో ఇశ్రాయేలీయులకు పగలు మేఘం, రాత్రి అగ్ని. ఏ వేళకు ఏది కావాలో చూసి ఇచ్చాడు. క్రిస్మస్ కార్డుల మీద మంచు, కొవ్వొత్తి గీసే దేశాలవాళ్లకు వెలుగు ఒక్కటే వరం కావచ్చు. మాకు నీడ కూడా వరమే.

రాత్రి ప్రార్థనల్లో పిల్లలకు పెద్ద కష్టం నిద్ర. మూడో పాట దాకా ఆగేవాళ్లం. తర్వాత ఒకరి తొడ మీద ఒకరు. నాకు మాత్రం ఆ వీలు లేదు. బడికి పోతాడు, చదువొచ్చు అని నన్ను కందిలి పక్కన కూర్చోబెట్టేవాళ్లు. అయ్యగారు రాని రాత్రి వాక్యం చదవడం నా వంతు. కునుకు పడితే తల గ్లాసుకు తగిలేది. అప్పుడు పెద్దనాయన ఐతుకు కథ ఎత్తుకునేవాడు. అపొస్తలుల కార్యముల్లో ఉంది. త్రోయలో మేడగదిలో పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తుంటే కిటికీలో కూర్చున్న ఐతుకు అనే యువకుడు నిద్రపోయి మూడో అంతస్తు నుంచి కింద పడతాడు. ఆ గదిలో దీపాలు చాలా ఉన్నాయని లూకా ప్రత్యేకించి రాశాడు. అన్ని దీపాలున్నా నిద్ర ఆగలేదు. పౌలు కిందికి దిగి వాణ్ణి కౌగిలించుకొని బతికే ఉన్నాడని చెప్పి, మళ్లీ పైకెక్కి తెల్లవారే దాకా మాట్లాడతాడు. "పడ్డా లేపుతడు గానీ ప్రసంగం మాత్రం ఆపడు" అనేవాడు పెద్దనాయన.

బైబిల్లో రాత్రిపూట ఎన్ని జరిగాయో ఆ కందిలి పక్కన చదువుతూనే తెలిసింది. యాకోబు పెనుగులాడింది రాత్రి. ఇశ్రాయేలీయులు ఐగుప్తు నుంచి బయటపడింది రాత్రి. గుడిలో దీపం ఇంకా ఆరకముందే బాలుడైన సమూయేలుకు పిలుపు వినబడింది. గొర్రెల కాపరులకు కబురు అందింది రాత్రి, ఫిలిప్పీ చెరసాలలో పౌలు, సీల పాడింది అర్ధరాత్రి. సీనాయి కొండ దగ్గర జనం దూరంగా నిలబడితే మోషే ఒక్కడూ దేవుడున్న గాఢాంధకారంలోకే నడిచి పోయాడు. చీకట్లోకి, దేవుడి దగ్గరికి! ఇటు పౌలుకు, సౌలుగా ఉన్నప్పుడు, దమస్కు దారిలో కండ్లు పోయింది వెలుగు వల్ల, అదీ మిట్టమధ్యాహ్నం. యోహాను సువార్తలో మాత్రం చీకటికి పదును ఎక్కువ. నికొదేము రాత్రిపూట చాటుగా వస్తాడు. ఆఖరి భోజనం దగ్గర యూదా లేచి బయటికి పోగానే, అప్పుడు రాత్రి అని యోహాను ఒక్క ముక్క రాసి ఊరుకుంటాడు. అది చదివిన రాత్రి వాకిలి దాటి ఒంటేలుకు పోవడానికి నాకు భయమేసింది.

డిసెంబర్ 31 రాత్రి ఆరాధనకు, మూడు రోజుల కూటాలకు మాత్రం కందిలి చాలదు, పెట్రోమాక్స్ కావాలె. ఊళ్లో సైకిళ్లు కిరాయికిచ్చే సాయిబు దగ్గర రెండు ఉండేవి. పెండ్లికీ అవే, పీర్ల పండుగకూ అవే, బోనాలకూ అవే, మా కూటాలకూ అవే. మాంటిల్ కట్టి, గాలి కొట్టి, సుయ్యిమని తెల్లగా వెలిగేదాకా ఆయనే దగ్గరుండి చూసుకునేవాడు. ఒక ఏడు కూటాలకు బయటి నుంచి వచ్చిన ప్రసంగీకుడొకాయన ఊరివైపు చెయ్యి చాపి, అదంతా అంధకారం, మీరే వెలుగు అని గొంతెత్తి చెప్పాడు. సాయిబు పందిరి గుంజ పక్కనే నిలబడి ఉన్నాడు, మధ్యలో గాలి తగ్గితే కొట్టాలి కదా. కూటం అయినంక నాయనమ్మ నాతో మొదటి యోహాను పత్రిక తీయించి చదివించుకుంది. తోటివాణ్ణి ద్వేషించేవాడే చీకట్లో ఉన్నాడని, ఎటు పోతున్నాడో వాడికే తెలియదని అందులో ఉంది. రెండోసారి చదవమంది. ఆ ప్రసంగీకుడికి మరునాడు పొద్దున కోడికూర తానే వండి పెట్టింది. ఏమీ అనలేదు. సాయిబుకూ ఒక గిన్నె పంపింది.

పునరుత్థాన పండుగకు తెల్లవారుజామున మూడింటికే లేపేవాళ్లు. కొవ్వొత్తులు పట్టుకొని పాడుకుంటూ సమాధుల దొడ్డికి పోయేవాళ్లం. తాత సమాధి మీద నాయనమ్మ కొవ్వొత్తి నిలబెట్టి, గాలికి ఆరకుండా చుట్టూ నాలుగు రాళ్లు పేర్చేది. మగ్దలేనే మరియ యేసు సమాధి దగ్గరికి వచ్చేటప్పటికి ఇంకా చీకటిగానే ఉందని యోహాను రాశాడు. రాయి అప్పటికే తీసి ఉంది. అంటే జరగాల్సింది జరిగింది చీకట్లోనే, ఎవరూ చూడలేదు. నాలుగు సువార్తల్లోనూ ఆ ఘడియ గురించి ఒక్క ముక్క లేదు. అన్నీ పరలోకం నుంచి వెలుగు కుమ్మరించి చూపించే సినిమాలు వచ్చినంక కూడా, ఈ మౌనమే నాకు ఎక్కువ నమ్మబుద్ధవుతుంది.

పోయిన ఏడు ఊరికి పోతే రేకుల చర్చి స్థానంలో స్లాబు లేచింది. స్తంభానికొక ఎల్‌ఈడీ లైటు, క్రిస్మస్ నక్షత్రానికి రంగులు మారే సీరియల్ బల్బులు. సంఘ పెద్దలు ఇన్వర్టర్ కొన్నారు గానీ దాని అవసరం పెద్దగా పడడం లేదట. ఇంటింటి ప్రార్థన మాత్రం ఇప్పటికీ రాత్రే, ఇంకా ఆలస్యంగా, ఎనిమిదిన్నరకు. పత్తి ఏరబోయిన ఆడవాళ్లను దింపే ఆటోలు అంతకు ముందు రావు. ఆ రాత్రి మా చెల్లెలి ఇంట్లో ప్రార్థన. ట్యూబులైటు కింద వాక్యం చదివింది పదో తరగతి పిల్ల, ఫోన్లో చూసి, గడగడా. నేను లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. సరిగ్గా మూడో పాటకు గోడవార కూర్చున్న పిల్లలు ఒకరి మీద ఒకరు వాలిపోయారు. వాళ్లకు ఐతుకు కథ ఎవరూ చెప్పినట్టు లేదు, ప్రసంగం మొదలయ్యేలోపు నేనే ఎత్తుకున్నాను.