రిపోర్టులన్నీ నార్మలే!

కిందటేడాది ఓ రోజు పొద్దున్నే మా పెద్దమ్మ కూతురికి ఎడమ కాలు పనిచేయడం మానేసింది. హడావిడిగా హైదరాబాదు తీసుకొచ్చి ఓ పెద్దాసుపత్రిలో చూపించాం. ఎమ్మారై తీశారు, నరాల టెస్టులు చేశారు, రక్తం లాగారు. అన్నీ నార్మల్. డాక్టరుగారు ఫైలు మూసేసి "ఏమీ లేదమ్మా, టెన్షన్ తగ్గించుకోండి" అన్నారు.

బయటికొచ్చాక నేను చేసిన ఘనకార్యం ఏంటంటే, "చూశావా అక్కా, ఏం లేదంట, ఊరికే భయపడ్డావ్" అనడం. అక్క నా వంక చూసి ఒకటే అడిగింది. "అంటే నటిస్తున్నానంటావా రా?"

నా దగ్గర జవాబు లేదు. టెస్టర్ బగ్ రాస్తే, మన మెషీన్లో రాకపోతే "నాట్ రీప్రొడ్యూసబుల్" అని క్లోజ్ చేసేస్తాం చూడండి, అచ్చం అదే పని అక్క విషయంలోనూ చేశాను.

రెండో న్యూరాలజిస్టు స్కాన్లు పక్కన పెట్టి, అక్కని మంచం మీద పడుకోబెట్టారు. ఎడమ కాలిని కిందికి నొక్కమంటే బలం లేదు. కుడి కాలు పైకెత్తమని, దాన్ని ఆయన చేత్తో ఆపితే మాత్రం ఎడమ కాలు దానంతటదే గట్టిగా నొక్కింది! దీన్ని హూవర్స్ సైన్ అంటారట, 1908 నాటిది. నరాల దారి బాగానే ఉంది, కావాలని కదిపేటప్పుడే ఆ కదలిక తప్పుతోంది. ఆయన అది అక్కకే చూపించి, "ఇది నటన కాదు, ఫంక్షనల్ న్యూరలాజికల్ డిజార్డర్" అన్నారు. అక్క ఏడ్చేసింది. జబ్బుకి పేరు దొరికినందుకు ఏడవడం నేను మొదటిసారి చూశాను.

ఇక నేనూరుకుంటానా, చదవడం మొదలెట్టాను. ఇక్కడ పెద్ద గొడవే ఉంది. 1965లో ఎలియట్ స్లేటర్ అనే లండన్ డాక్టరు, హిస్టీరియా అని ముద్ర పడ్డ 85 మందిని ఏళ్ల తర్వాత వెతికి చూస్తే, చాలామందికి అసలు జబ్బులు బయటపడ్డాయి. ఆ ముద్ర మన అజ్ఞానానికి వేసుకున్న ముసుగు అని తేల్చాడాయన. 2005లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, పొరపాటు డయాగ్నోసిస్ 1950లలో 29 శాతం, 1970ల నుంచి 4 శాతం. స్కానర్ల మహిమ అనుకుంటాం కదా? కాదు, అధ్యయనాల నాణ్యత పెరగడమే కారణం కావచ్చన్నారు ఆ రాసినవాళ్లే. 2013లో వచ్చిన డీఎస్ఎమ్-5 కూడా, వేరే జబ్బేమీ దొరకలేదని కాదు, హూవర్స్ సైన్ లాంటి రుజువు చూపించాలంది.

మరి వైద్యం సంగతి? ఈ జబ్బులోనే ఫిట్స్ లాంటివి వచ్చే 368 మందితో బ్రిటన్‌లో కోడ్స్ అనే ట్రయల్ చేశారు. ఫలితాలు 2020లో వచ్చాయి. మాటల చికిత్సతో ఏడాదికి ఫిట్స్ సంఖ్య తగ్గాలన్నది ముందే రాసుకున్న ప్రధాన లక్ష్యం. అందులో నమ్మదగ్గ తేడా రాలేదు. 16 ఇతర కొలతల్లో తొమ్మిదింట మాత్రం మెరుగు. అంతే, ఒకవర్గం "పనిచేసింది" అంది, ఇంకోవర్గం "ఫెయిల్" అంది. పైగా ఏ చికిత్స అందుతోందో రోగికి తెలుస్తుంది, ఎలా ఉందో చెప్పేదీ ఎక్కువగా రోగే. ఆశ కూడా మార్కులు వేస్తుంది మరి.

నా మటుకు నాకు రూలు ఒకటే. రిలీజ్‌కి ముందు రాసుకున్న యాక్సెప్టెన్స్ క్రైటీరియా ఫెయిలైతే, ఫెయిలైందనే రాయాలి. మిగతా టెస్టులు పాసైతే అవి తర్వాతి ప్రయోగానికి ఆధారాలు, ఈ రిలీజ్‌కి సర్టిఫికెట్ కాదు. అయితే ట్రయల్ ఫెయిలైందని జబ్బే లేదనడం కూడా అంతే తప్పు. ప్యాచ్ పనిచేయకపోతే బగ్ అబద్ధమైపోదు కదా!

అక్క ఫిజియోథెరపీ చేయించుకుని ఇప్పుడు చేతికర్రతో నడుస్తోంది. ఫిజియో వల్లా, డాక్టరు నమ్మినందువల్లా, కాలం గడిచినందువల్లా? ఒక్క మనిషితో తేల్చలేం. నేను ఖచ్చితంగా చెప్పగలిగింది ఒకటుంది. ఆరోజు అక్క అడిగినదానికి జవాబు "లేదక్కా, నువ్వు నటించట్లేదు" అని. చెప్పడానికి నాకు మూడు నెలలు పట్టింది.