గుడ్డపీలికలు చుట్టిన కడియం

లండన్‌లో గ్రీన్ పార్క్ స్టేషన్ నుంచి బయటికొచ్చి పిక్కడిల్లీ రోడ్డున కాస్త నడిస్తే ఎడమచేతి వైపు ఆల్బెమార్ల్ వీధి వస్తుంది. ఖరీదైన దుకాణాలు, బొమ్మల గ్యాలరీలు. వాటి మధ్య 21వ నంబరు భవనం ముందు వరసగా పెద్దపెద్ద స్తంభాలు. ఏదో పాతకాలపు బ్యాంకనుకుని దాటిపోయేలా ఉంటుంది. అదే రాయల్ ఇన్‌స్టిట్యూషన్. సంస్థ పుట్టింది 1799లో, ఆ స్తంభాల హంగు వచ్చింది 1838లో. రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఉపన్యాసాలకు వచ్చే గుర్రబ్బళ్ళ రద్దీ తట్టుకోలేక ఈ వీధిని వన్‌వే చేశారనీ, లండన్‌లో మొదటి వన్‌వే ఇదేననీ చెబుతారు. సైన్సు ఉపన్యాసానికి ట్రాఫిక్ జామ్ అంటే మనకు నమ్మకం కుదరదు గానీ, ఆ రోజుల్లో డేవీకి సినిమా హీరోకున్నంత గిరాకీ.

మా అక్క కూతురు ఆ ఊళ్ళోనే ఎమ్మెస్సీ చదువుతోంది, నాతో వచ్చింది. బీటెక్‌లో తనది ట్రిపుల్ ఈ. "ఫారడే నియమం మీద పది మార్కుల ప్రశ్న రాశాను మామయ్యా, ఆయన ఇల్లు మాత్రం ఇప్పుడే చూడ్డం" అంది. ఇల్లనే అనాలి. మైకేల్ ఫారడే పని చేసిందీ, ఏళ్ళ తరబడి కాపురమున్నదీ ఈ భవనంలోనే.

మ్యూజియం కింది అంతస్తులో ఉంది. డేవీ గని దీపం, 1825లో ఫారడే వేరుచేసిన బెంజీన్, 1814లో ఇటలీలో వోల్టా స్వయంగా ఇచ్చిన బ్యాటరీ దొంతి, అన్నీ అక్కడే. వాటి ముందు ఎక్కువసేపు నిలబడలేదు. నేను వెతుక్కుంటూ వెళ్ళింది ఒక ఇనుప కడియం కోసం.

గాజుపెట్టెలో ఉంది. ఆరంగుళాల అడ్డుకొలత, అంగుళానికి కాస్త తక్కువ మందం. రెండు పక్కలా రాగి తీగ చుట్టలు, వాటిని కప్పుతూ మాసిపోయిన గుడ్డ, పురికొస ముక్కలు.

"మామయ్యా, ఇది మన ఊరి వైండింగ్ షాపులో కాలిన మోటారు విప్పి పడేసినట్టు లేదూ!" అంది మా అమ్మాయి. ఆ మాట నిజం. ఎక్కడా నాజూకు లేదు. కానీ ఎందుకలా ఉందో చూడాలి. 1831లో ఎనామిల్ పూసిన తీగ కొనుక్కుందామంటే దొరకదు. ఉన్నది వట్టి రాగి తీగ. చుట్టుకు చుట్టు తగిలితే కరెంటు అడ్డదారి పడుతుంది. అందుకని చుట్టుకూ చుట్టుకూ మధ్య పురికొస, పొరకూ పొరకూ మధ్య నూలుగుడ్డ. ఒక పక్క ఒక్కోటి 24 అడుగుల చొప్పున మూడు తీగలు, రెండో పక్క మొత్తం 60 అడుగుల దాకా ఇంకో రెండు. ఈ పక్క తీగకూ ఆ పక్క తీగకూ ఎక్కడా తాకిడి లేదు. రెంటికీ ఉమ్మడిది మధ్యనున్న ఇనుమొక్కటే. ఈ కడియాన్ని ఫారడే బయట చేయించాడు, తీగ చుట్టింది మాత్రం తనే.

ఆ చేతుల గురించి పాఠ్యపుస్తకాలు చెప్పవు. తండ్రి కమ్మరి. పద్నాలుగో ఏట పుస్తకాలు బైండు చేసే దుకాణంలో చేరి ఫారడే ఏడేళ్ళు పని నేర్చాడు. కుట్టడం, అంటించడం, పొర మీద పొర వేసి బిగించడం అతని కులవిద్య కాదు గానీ కూటివిద్య. ఈ కడియాన్ని చూస్తుంటే శాస్త్రవేత్త కన్నా ముందు ఆ బైండరే కనిపించాడు నాకు.

1831 ఆగస్టు 29. ఒక పక్క చుట్టను బ్యాటరీకి కలిపాడు. రెండో పక్క చుట్ట తీగను కాస్త దూరంలో ఉన్న అయస్కాంతపు సూది మీదుగా పోనిచ్చాడు. బ్యాటరీ కలపగానే సూది కదిలింది, ఊగింది, మళ్ళీ మొదటి చోటికే వచ్చి నిలబడింది. బ్యాటరీ తీసేసినప్పుడు ఇంకోసారి కదిలింది. మధ్యలో కరెంటు ఎంతసేపు పారినా సూదిలో చలనం లేదు. ఆయన చాలాకాలంగా ఎదురుచూస్తున్నది నిలకడగా పారే కరెంటు కోసం. 1825లో, 1828లో ఇలాంటి ప్రయత్నాలే చేసి, ఫలితం లేదని నోటుపుస్తకంలో రాసుకున్నాడు కూడా. ఇంకొకరైతే ఆ కదలికను బల్ల అదురు కింద కొట్టిపారేసేవారేమో. ఆయన దాన్నే పట్టుకున్నాడు. కరెంటు పుట్టించేది పారకం కాదు, మార్పు.

"అందుకేగా ట్రాన్స్‌ఫార్మర్‌కు డీసీ ఇస్తే పనిచెయ్యనిది!" అంది మా అమ్మాయి. అంతే. ఇదే మొదటి ట్రాన్స్‌ఫార్మర్. మన పొలం గట్టు మీది ట్రాన్స్‌ఫార్మర్‌ను రాత్రికి రాత్రి పగలగొట్టి, ఆయిల్ నేలపాలు చేసి, దొంగలు ఎత్తుకుపోయేది ఈ రాగి చుట్టల కోసమే.

పక్కనే ఇంకో వస్తువు. తీగ చుట్టిన బోలు గొట్టం, ఒక అయస్కాంతపు కడ్డీ. అక్టోబరు 17న కడ్డీని గొట్టంలోకి తోసి, బయటికి లాగి కరెంటు పుట్టించాడు. అదే నెల 28న రాయల్ సొసైటీ వారి పెద్ద అయస్కాంతం ధ్రువాల మధ్య రాగి పళ్ళెం తిప్పి నిలకడైన కరెంటూ సాధించాడు. బొగ్గుతో నడిచినా, నాగార్జునసాగర్ నీళ్ళతో నడిచినా జనరేటర్ చేసేది ఈ పనే. అమెరికాలో జోసెఫ్ హెన్రీ కూడా విడిగా ఇదే దారిలో ఉన్నాడు. ముందు అచ్చయింది మాత్రం ఫారడేది.

బైండరు కుర్రాడు ఇక్కడికెలా వచ్చాడన్నది అందరికీ తెలిసిన కథే. 1812లో దుకాణానికి వచ్చే ఒకాయన ఇచ్చిన టికెట్లతో డేవీ ఉపన్యాసాలు విన్నాడు. నోట్సు రాసి, చక్కగా బైండు చేసి డేవీకే పంపాడు. 1813 మార్చిలో ప్రయోగశాలలో సహాయకుడి ఉద్యోగం, మేడ మీద రెండు గదులు దొరికాయి. ఆ తర్వాతి సంగతి అంత మధురం కాదు. డేవీ దంపతులతో వెళ్ళిన యూరప్ ప్రయాణంలో డేవీ భార్య అతన్ని నౌకరుగానే చూసింది. 1821లో పాదరసపు గిన్నెలో తీగ అయస్కాంతం చుట్టూ గిరగిరా తిరిగేలా చేసి ఫారడే పేరు తెచ్చుకున్నాక, ఆ ఆలోచన తోటి శాస్త్రవేత్త వొలాస్టన్‌దన్న నింద పడింది. 1824లో రాయల్ సొసైటీ సభ్యత్వానికి అడ్డుపడింది గురువు డేవీయే. అయినా ఎన్నికయ్యాడు. శిష్యుడు ఎదుగుతుంటే ఓర్చుకోవడం గురువులందరికీ చేతకాదు.

అదే అంతస్తులో అయస్కాంత ప్రయోగశాలను 1850ల నాటి తీరులో అమర్చిపెట్టారు. బల్లలు, సీసాలు, అరలు. ఇంత గొప్ప పనికి సహాయకుడు ఒక్కడే, ఫిరంగిదళంలో పనిచేసి వచ్చిన సార్జెంట్ ఆండర్సన్. ఇంటికి వెళ్ళమని చెప్పడం ఫారడే మరిచిపోతే, తెల్లవార్లూ కొలిమి మండిస్తూ కూర్చున్నాడట.

పైన ఉపన్యాస మందిరం ఆ వేళ ఖాళీగా ఉందని అక్కడి ఉద్యోగిని తలుపు తీసి చూపించింది. నిటారుగా లేచే అర్ధచంద్రాకారపు బెంచీలు, కింద ఒక బల్ల. 1836లో ఇక్కడే 12 అడుగుల పంజరం కట్టించి, బయట నిప్పురవ్వలు రాలేలా విద్యుత్తు ఎక్కించి, తను లోపల నిలబడి ఏమీ కాలేదని తేల్చాడు ఫారడే. 1897 జనవరి 29న జగదీశ్ చంద్ర బోస్ తన విద్యుత్ తరంగాల మీద ప్రసంగించిందీ ఈ సంస్థ శుక్రవారపు సభలోనే.

ఫారడేకు గణితం రాదు. బలరేఖలను బొమ్మల్లో చూశాడు, మాటల్లో రాశాడు. వాటిని సమీకరణాల్లోకి ఎక్కించినవాడు మాక్స్‌వెల్. 1857లో ముసలి ఫారడే కుర్ర మాక్స్‌వెల్‌కు ఒక ఉత్తరం రాశాడు. గణితవేత్తలు తమ ఫలితాలను సూత్రాల్లో చెప్పినంత స్పష్టంగా మామూలు భాషలోనూ చెప్పలేరా, చెబితే మాలాంటివాళ్ళం ప్రయోగాలు చేసుకుంటాం కదా అని అడిగాడు.

బెంచీ మీద కూర్చుని ఈ సంగతి చెబితే మా అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించి అంది: "ఆ ఉత్తరం కాపీ ఒకటి మా ఫీల్డ్ థియరీ సారుకు కూడా పంపి ఉండాల్సింది మామయ్యా."