తలుపు మూసుకున్న ఇల్లు



అరుణాచల్ ప్రదేశ్ కొండల్లో, మంచు పట్టి ఎప్పుడూ తడిగా ఉండే అడవుల్లో ఒక పక్షి ఉంది. ఎర్రమెడ హార్న్‌బిల్ అందాం. మగదానికి తల, మెడ, పొట్ట ఇటుకరంగు. కళ్ల చుట్టూ నీలం, గొంతు కింద ఎర్రని సంచి, నల్లని రెక్కలు. ఆడదాని ఒళ్లు నలుపే. మేము కళ్లారా చూడలేదు. సెమినరీలో మాతో చదివిన నిషి తెగ సహోదరుడు చెప్పగా విన్నాం, తర్వాత చదివి తెలుసుకున్నాం.

గుడ్లు పెట్టే కాలంలో ఆడది పెద్ద చెట్టు తొర్రలోకి దూరి, లోపలి నుంచి తానే ద్వారం మూసేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మాత్రం ఉంచుతుంది. ఇక నెలల తరబడి దానికీ పిల్లకూ తిండి ఆ సందులోంచే. మగది అడవంతా తిరిగి, పండ్లు గొంతులో నింపుకొని వచ్చి, ఒక్కొక్కటే పైకి తెచ్చి అందిస్తుంది.

ఈ సంగతి చెప్పేవారు మగపక్షినే మెచ్చుకుంటారు. మెచ్చుకోవలసిందే. మాకు మాత్రం ఆ చీకట్లో కూర్చున్నదే ఎక్కువ గుర్తొస్తుంది. తిండి ఆలస్యమైతే ఎందుకో దానికి తెలియదు. బయట వేటగాడు మగదాన్ని కొడితే, ఒక్క తూటాకు ఇల్లంతా పోవచ్చు. 1829లో హాడ్జ్‌సన్ దొర ఈ పక్షిని నేపాల్ నుంచి లోకానికి పరిచయం చేశాడు. దాని శాస్త్రీయ నామంలో నేపాల్ ఇంకా ఉంది. నేపాల్‌లో ఆ పక్షి చాలాకాలం కనిపించలేదు.

మన సంఘంలో కువైట్ వెళ్లినవారి ఇళ్లు ఎన్నో మీకు తెలుసు. ఒక సహోదరికి మూడు నెలలుగా డబ్బు రాలేదు, ఫోనూ లేదు. ఆమెను అడిగే ఇది రాస్తున్నాం. "మొగుణ్ణి పంపించి హాయిగా కూర్చుంది" అన్న మాట మన వీధిలోనే మా చెవిన పడింది. ఆమె తలుపు దగ్గరగా వేసుకొని పిల్లల్ని సాకుతోంది. అది హాయి కాదు.

పాక్కే టైగర్ రిజర్వు చుట్టుపక్కల ఊళ్లలో, ఒకప్పుడు వేటాడిన నిషి మనుషులే ఇప్పుడు హార్న్‌బిల్ గూళ్లకు కాపలా. మగది వచ్చిందా, ఏం పండు తెచ్చింది అని చెట్టు కింద కూర్చొని రాసుకుంటారు. జీతానికే చేస్తారు, అందులో తప్పేముంది? ఆచారపు టోపీలకు కూడా నిజం ముక్కుల బదులు ఫైబర్‌గ్లాస్ ముక్కులు వచ్చాయి.

బుధవారం ఉపవాస కూడిక అయ్యాక పెద్దలు, స్త్రీల సమాజం వారు కాసేపు ఆగండి. కువైట్‌లో ఉన్న మనవాళ్లలో ఆయన గది దాకా వెళ్లి చూడగలవారు ఎవరైనా ఉంటే, నంబరు పట్టుకొని రండి.