యాడికీ పోని సైకిలు

ఇండోర్ ట్రైనర్ల గురించి ఏది చదివినా మంచు దేశాల గోలే. చలికాలం బయట తొక్కలేక కొంటారట. మా కర్నూల్లో వ్యవహారం తలకిందులు. డిసెంబరు పొద్దున నంద్యాల మీదుగా కడపకు పోయే 40వ నంబరు హైవే ఎక్కితే దిగబుద్ధి కాదు. ఇంట్లో పడేది ఏప్రిల్, మే నెలల్లోనే.

షుగరు బార్డర్లో ఉందన్నాడు డాక్టరు. పోయిన ఎండాకాలం సైకిలు మూలన పెడితే, చలికాలమంతా తగ్గించుకున్నది రెండు నెలల్లో తిరిగొచ్చింది. ఇక కొనక తప్పలేదు.

స్మార్ట్ ట్రైనరు చూస్తే నోరూరింది (గ్రాఫులుంటే చాలు కదా మన జాతికి :)). ధర చూసి నోరు మూసుకున్నా. మాగ్నెటిక్ రకం చవక, మోత ఎక్కువ. చివరికి ఫ్లూయిడ్ రకం తీసుకున్నా. లోపల ద్రవంలో రెక్కలు తిరుగుతాయి, వేగం పెంచేకొద్దీ బరువు దానంతటదే పెరుగుతుంది, కరెంటు అక్కర్లేదు.

మొదటిరోజు 20 నిమిషాలకే కళ్ళు తిరిగాయి. రోడ్డు మీద చెమటను ఆర్పేది ఎదురుగాలి, గదిలో అదెక్కడిది? కూలరు పెడితే గది తేమెక్కి ఇంకా ఉక్క. అమ్మ మజ్జిగ చెంబుతో వచ్చి, "యాడికీ పోని సైకిలుకు ఇంత లెక్క పోసినావా నాయనా?" అంది.

ఇప్పుడు తెల్లారి 5 గంటలకి, కిటికీలన్నీ తెరిచి, ఎదురుగా పెద్ద ఫ్యాను. అన్నట్టు, ట్రైనరుకి కరెంటు అక్కర్లేదు గానీ ఫ్యానుకి కావాలి. పోయిందంటే ఆ రోజుకి దిగిపోవడమే.