పసుపు, సబ్బు, ఎనిమిదో నంబరు తీగ

పామర్‌స్టన్ నార్త్ పేరెత్తగానే వెల్లింగ్టన్ మిత్రులు "అక్కడ చూడటానికేముందండీ, గాలిమరలు తప్ప!" అంటారు. గాలి సంగతి వెల్లింగ్టన్ వాళ్ళు మాట్లాడటం విడ్డూరమే గాని, మాట మాత్రం కొంత నిజం. తూర్పున తరరూవా, రువాహినే కొండల మీద తెల్లటి గాలిమరలు వరుసగా తిరుగుతూ వుంటాయి. వూరి మధ్య స్క్వేర్ అనే పెద్ద మైదానం, పక్కన మనావతూ నది, నది అవతల మాసీ విశ్వవిద్యాలయం. వూరంతా అరచెయ్యిలా చదును. సైకిలు మీద ఎక్కడికైనా పోవచ్చు. కాని వూరు దాటాలంటే మాత్రం కారు వుండాల్సిందే. ఉగాదికి వెల్లింగ్టన్ వెళ్ళి రావాలన్నా పోనూ రానూ సుమారు 280 కిలోమీటర్లు.

చూడదగ్గ స్థలాల పట్టిక ఇవ్వడం మా వుద్దేశం కాదు. ఈ వూరు మాకు నేర్పిన ఒక విద్య గురించి రాస్తున్నాం. దారిలో చెడిన కారును వంటింటి సామానుతో ఇంటిదాకా తెచ్చుకోవడం ఆ విద్యలో సగం. ఆ మరమ్మతు ఎంతవరకు చెల్లుతుందో తెలుసుకోవడం మిగతా సగం. మొదటి సగం అందరూ చెబుతారు. రెండోదే ముఖ్యం.

స్వదేశంలో వైద్యం చదివి ఇక్కడికి వచ్చినవాళ్ళ మొదటి రోజులు సభ్యుల్లో చాలామందికి తెలిసినవే. పరీక్షలు, రిజిస్ట్రేషను కాగితాలు, ఇంటద్దె, ఒక్క జీతం. ఆ రోజుల్లో మేము కొన్నది మా పెళ్ళికంటే చాలా పాతదైన ఒక జపాను కారు. ఇక్కడ విడిభాగం ఖరీదు ఒక ఎత్తు, మెకానిక్ గంట కూలి ఒక ఎత్తు. విజయవాడ ఆటోనగర్లో అయితే ఏ షెడ్డు ముందు ఆపినా ఎవరో ఒకరు బానెట్ ఎత్తి చూసేవారు. ఇక్కడ ఫోను చేసి, వారం ఆగి, కారు వదిలిరావాలి.

మా సంఘంలో ఒక పెద్దాయన వున్నారు. 1970లలో మాసీలో చదువుకోవడానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. మేమంతా బాబాయిగారూ అని పిలుస్తాం. ఈ దేశపు సంగతులు మాకు చాలావరకు ఆయన చెప్పినవే. అప్పట్లో దిగుమతుల మీద గట్టి ఆంక్షలు వుండేవి. విదేశీ మారకం చూపించగలిగినవాళ్ళకి కొత్త కారు త్వరగా దొరికేది, మిగతావాళ్ళు ఏళ్ళ తరబడి పాతదాన్నే నెట్టుకొచ్చేవారు. ఇరాన్ విప్లవం తరవాత చమురు కొరత వచ్చినప్పుడు 1979 జూలై 30 నుంచి 1980 మే దాకా వారానికి ఒక రోజు కారు తియ్యకూడదని చట్టం చేశారు. ఏ రోజో యజమానే ఎంచుకుని ఆ చీటీ అద్దానికి అంటించుకోవాలి. 1980ల చివరి నుంచి జపానులో వాడిన కార్లు ఓడల మీద వచ్చిపడటంతో పరిస్థితి మారింది. 1998లో దేశంలో కార్లు బిగించే కర్మాగారాలు మూతపడ్డాయి.

ఆ కరువు రోజుల గుణం మాత్రం జనంలో మిగిలింది. దాన్ని "ఎనిమిదో నంబరు తీగ" అంటారు. గొర్రెల పొలాలకు కంచెగా కట్టే 4 మిల్లీమీటర్ల ఇనపతీగ అది. గేటు బందు వూడినా, సైలెన్సర్ జారినా, ఆ తీగతోనే సరిచేసుకునేవారు. ఇన్‌వర్‌కార్గిల్‌కు చెందిన బర్ట్ మన్రో తన మోటారు సైకిలు భాగాలను పాత డబ్బాల్లో పోత పోసుకుని, 1967లో అమెరికాలోని ఉప్పు మైదానంలో ప్రపంచ రికార్డు సాధించాడు. ఆ బండి 1920 నాటిది, దాని కంపెనీ పేరు ఇండియన్! ఈ కథ 2005లో సినిమాగా కూడా వచ్చింది.

ఇక మన వంటింటికి వద్దాం.

రేడియేటర్ కారుతుంటే పసుపు. ఇది మన లారీ డ్రైవర్ల పాత చిట్కా. రెండు చెంచాల పసుపు నీళ్ళల్లో కలిపి రేడియేటర్లో పోస్తే, ఆ పొడి నీళ్ళతో తిరిగి తిరిగి కన్నం దగ్గర పేరుకుని వుబ్బుతుంది. సన్నటి చిల్లయితే మూసుకుంటుంది. రక్తనాళం తెగితే ప్లేట్‌లెట్లు చేసే పని కూడా ఇదే. గుడ్డు తెల్లసొన కూడా పనిచేస్తుంది, వేడికి గట్టిపడే గుణం దానికి వుంది కనక. ఒక ఏడాది ఉగాది వేడుక నుంచి తిరిగి వస్తుంటే, లెవిన్ దాటి షానన్ దగ్గరికి వచ్చేసరికి వేడిముల్లు పైకెక్కింది. డిక్కీలో మిగిలిన పులిహోర గిన్నె, దాని పక్కనే పసుపు పొట్లం. ముప్పావుగంట ఆగి, ఇంజను చల్లబడ్డాక పోశాం. నెమ్మదిగా ఇల్లు చేరాం. చల్లబడకుండా మూత తియ్యకూడదు. లోపలి నీరు ఒత్తిడి మీద వంద డిగ్రీలు దాటి వుంటుంది, మూత వదులు కాగానే ఆవిరై మొహం మీదికి చిమ్ముతుంది. అలా కాలిన మొహాలకు వైద్యం చాలా కాలం పడుతుంది.

పెట్రోలు ట్యాంకు చెమరుస్తుంటే బట్టల సబ్బు. సబ్బు నీళ్ళకి కరుగుతుంది గాని పెట్రోలుకి కరగదు. ముక్కను మెత్తగా నలిపి చిల్లు మీద అదిమితే కాసేపు ఆగుతుంది. ఇంజను చల్లగా వుండాలి, దగ్గర్లో నిప్పు వుండకూడదు. వర్షంలో నడిపితే సబ్బు కరిగిపోతుంది, పామర్‌స్టన్‌లో వర్షం ఎంతో దూరంలో వుండదు.

చలికాలం పొద్దున డ్యూటీకి బయల్దేరితే కారు కదలకపోవడం మామూలే. బ్యాటరీ కొమ్ముల మీద తెల్లగా, నీలంగా బూజులా కనిపిస్తే వంటసోడా కలిపిన వెచ్చటి నీళ్ళతో పాత పళ్ళబ్రష్ పెట్టి రుద్దాలి. ముందు నెగెటివ్ తీగ విప్పాలి. ఆమ్లం చచ్చి బుసబుస పొంగుతుంది. తుడిచి, తీగలు బిగించి, పైన వాజెలిన్ రాస్తే సరి. చిట్కాలన్నిటిలోకీ నిక్కమైన మరమ్మతు ఇదొక్కటే. మంచు పట్టిన అద్దం మీద మాత్రం వేడినీళ్ళు పొయ్యకండి, పగులుతుంది.

తెగిన ఫ్యాన్ బెల్టు స్థానంలో ఆడవాళ్ళ నైలాన్ మేజోళ్ళు కట్టేవారని ఈ దేశపు పెద్దలు చెబుతారు. మా ఇంట్లో "లంగాబొందు అయితే ఇంకా గట్టిది గదా" అని ఒక వాదన వచ్చింది. రెండూ వృథాయే. ఇప్పటి కార్లకు గాడులున్న వెడల్పాటి బెల్టు, ముడివేసిన గుడ్డ దాని మీద నిలవదు.

ఇక సైలెన్సర్ గొట్టానికి చిల్లు. కూల్‌డ్రింకు డబ్బా కోసి చుట్టి, రెండు క్లిప్పులో తీగో బిగిస్తే మోత తగ్గుతుంది. అసలు భయం ఇక్కడే. మోత తగ్గింది గనక బాగయిందనుకుంటాం. పొగలో వుండే కార్బన్ మోనాక్సైడుకి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్ ప్రాణవాయువు కంటే దాన్ని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, వికారం, తరవాత మగత. చలికాలం, అద్దాలన్నీ మూసి, హీటరు వేసి, రెండుగంటల ప్రయాణం. వెనకసీట్లో పిల్లలు వూరికే నిద్రపోయారనుకుంటాం. సభ్యులు ఈ ఒక్క పేరా గుర్తుంచుకుంటే చాలు: గొట్టానికి చిల్లుంటే అద్దాలు దించి దగ్గర్లో వున్న షెడ్డుకి పొండి. పిల్లల్ని ఎక్కించుకుని దూరం పోకండి.

బ్రేకులు, స్టీరింగు, టైర్లు, సీటు బెల్టులు, వీటికి వంటింటి వైద్యం లేనే లేదు. టో చేయించుకోవడమే.

ఈ వూరి దారులు కూడా ఇదే పాఠం చెబుతాయి. తూర్పున వుడ్‌విల్‌కి పోయే మనావతూ లోయదారి మీద కొండచరియలు పడుతూనే వుండేవి. 2011లో పెద్ద చరియ పడి నెలల తరబడి మూసేశారు. బాగుచేసి తెరిచారు, మళ్ళీ విరిగింది. 2017 ఏప్రిల్‌లో మూసిన తరవాత ఇక తెరవలేదు. సాడిల్ రోడ్ అనే నిటారు కొండదారి మీదనే లారీలూ కార్లూ ఎనిమిదేళ్ళు నడిచాయి. ముసలి రేడియేటర్లన్నిటికీ అక్కడే పరీక్ష. చివరికి 11.5 కిలోమీటర్ల కొత్త రోడ్డు 2025 జూన్‌లో తెరిచారు. కట్టు మీద కట్టు ఎంతకాలం కడతాం? ఎప్పుడో ఒకప్పుడు ఆపరేషన్ చెయ్యాల్సిందే.

ఈ మాటనే బాబాయిగారు ఇంకోలా అన్నారు. పసుపు కథ విని నవ్వి, "బాగానే వుందమ్మా డాక్టరమ్మా, దెబ్బతగిలినవాడికి కట్టుకట్టి, మళ్ళీ ఎప్పుడు రమ్మంటారు మీరు?" అని అడిగారు. అప్పటి నుంచి ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఆస్పత్రిలో రోగి చేతికి సూది పెట్టి, పైన అంటించిన పట్టీ మీద తేదీ రాస్తాం. అలాగే కారుకి ఏ తాత్కాలిక మరమ్మతు చేసినా ఒక తెల్లపట్టీ మీద ఏం చేశామో, ఏ తేదీనో రాసి డాష్‌బోర్డుకి అంటిస్తాం. పసుపుకి వారం లోపల షెడ్డు, సబ్బుకీ డబ్బాకీ మర్నాడే. మెకానిక్‌కి పసుపు సంగతి దాచకుండా చెబుతాం. రేడియేటర్ కడిగించకపోతే హీటరు గొట్టాలు పూడిపోతాయి. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమవుతుంది.

ఈ దేశంలో వారెంట్ ఆఫ్ ఫిట్‌నెస్ తనిఖీ 1937 నుంచీ వుంది. 2000 జనవరి తరవాత రిజిస్టరయిన కార్లకు 2014లో దాన్ని ఆరునెలల నుంచి ఏడాదికి మార్చారు. ఏడాదిలో కారుకి చాలా జరగవచ్చు. తుప్పు మీద పుట్టీ మెత్తి రంగు వేసి అమ్మే పాత కార్లు కొత్తగా వచ్చిన మనవాళ్ళకే తగులుతుంటాయి. చీటీ చూసి కొనకుండా, వేరే మెకానిక్ చేత కింద నుంచి చూపించుకుని కొనండి. దానికయ్యే ఖర్చు తరవాత మిగులుతుంది.

డిక్కీలో వుంచుకోవలసినవి: రెండు సీసాల నీళ్ళు, పసుపు పొట్లం, సబ్బు బిళ్ళ, వంటసోడా, రెండు క్లిప్పులు, బారెడు తీగ, టార్చిలైటు, తెల్లపట్టీ, పెన్ను. సభ్యులకు తెలిసిన చిట్కాలు ఇంకా వుంటే సంపాదకులకు రాసి పంపండి. అది ఎన్నాళ్ళు ఆగిందో, ఎప్పుడు సరిగ్గా బాగుచేయించారో కూడా రాయడం మరవకండి.