తన్ను తాను శుభ్రపఱచుకొను గుండె

మన గుండె దినమునకు రమారమి 1,00,000 మాఱులు కొట్టుకొనును. మనము నిద్రించునపుడును దానికి నిద్ర లేదు. బడిగది మురికియైన యెడల పిల్లలను వెలుపలికి పంపి ఊడ్వవచ్చును. బండి చెడిన యెడల నిలిపి బాగుచేయవచ్చును. గుండె విషయమున నట్టి వీలు లేదు. పనిని క్షణమైన నాపక, ఆ పనిలోనే అది తన్ను తాను శుభ్రపఱచుకొనవలెను. ఈ శుభ్రత యెట్లు జరుగునో, జరుగనియెడల నేమగునో తెలిసికొనుటకై పదవ తరగతి వారమగు మేము ఈ యేడు కొన్ని వారములు పాటుపడితిమి. తెలిసినంత వఱకు మన పత్రిక చదువరుల యెదుట నుంచుచున్నాము.

గుండె కండరములోని ఒక్కొక్క కణమునందు మైటోకాండ్రియా అను సూక్ష్మాంగములు వేలకొలది కలవు. కణములో ఇంచుమించు మూడవ వంతు చోటు వీనిదే. మనము తిన్న యాహారమునుండి, పీల్చిన ప్రాణవాయువు తోడ్పాటున, ఇవి ఏ.టి.పి. అను శక్తిద్రవ్యమును తయారుచేయును. గుండె కొట్టుకొను ప్రతి పర్యాయమును ఈ ద్రవ్యము ఖర్చగుచునే యుండును. దాని నిలువ కొన్ని క్షణములకే చాలును. ఈ పదార్థమును కండరమునుండి వేఱుచేసి 1929లో లోకమునకు తెలిపినవారిలో, మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారొకరు. అప్పుడు వారు అమెరికాలోని హార్వర్డు వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కుగారితో కలసి పనిచేయుచుండిరి. ఆ యేడే జర్మనీలో కార్ల్ లోమన్‌గారును దీనిని వేఱుగా కనుగొనిరి.

పొయ్యి మండిన చోట బూడిద తప్పదు. మైటోకాండ్రియా పనిచేయుచుండగా తీక్ష్ణమైన ప్రాణవాయు రూపములు కొన్ని పుట్టి, ఆ యంగములనే పాడుచేయును. చర్మమునందును రక్తమునందును పాతకణములు పోయి క్రొత్తవి వచ్చుచుండును. గుండెయందు అట్లు కాదు. అణ్వస్త్ర పరీక్షలవలన గాలిలో చేరిన కార్బను-14ను ఆధారముగా గొని, స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు గుండె కణముల వయస్సును లెక్కించి 2009లో ప్రకటించిరి. 25 ఏండ్ల వయస్సున ఏటికి 100కి 1, 75 ఏండ్ల వయస్సున 100కి అర కంటెను తక్కువ, ఇంతమాత్రమే క్రొత్త కణములు వచ్చునట. అనగా బాల్యమున మనకున్న గుండె కణములలో సగమునకు పైగా ముసలితనము వఱకు మనతోనే యుండును.

కణమునే మార్చుటకు వీలులేదు గనుక, కణములోని చెడిన భాగములను తొలగింపవలెను. ఈ పనికి ఆటోఫజీ యని పేరు. తెలుగున స్వభక్షణ మనవచ్చును. 1963లో ఈ పేరు పెట్టినవారు బెల్జియము దేశపు క్రిస్టియన్ డి డ్యూవ్‌గారు. చెడిన మైటోకాండ్రియాను రెండు పొరల సంచి యొకటి చుట్టుముట్టి, లైసోసోము అను జీర్ణకోశమునకు చేర్చును. అచ్చట నది కరగి, పనికివచ్చు పదార్థములు మరల కణమునకే దక్కును. చినిగిన చీరను పారవేయక బొంత కుట్టు ఇల్లాలి పొదుపు వంటిదిది. జపానులో యొషినొరి ఒసుమిగారు ఈస్టు కణములలో ఈ పనికి వలయు 15 జన్యువులను గుర్తించి 1993లో ప్రకటించిరి. 2016లో వారికి నోబెలు బహుమానము లభించినది.

ఈ బహుమానమే మమ్ము చదువునకు పురికొల్పినది. మా పాఠశాలలో గంట కొట్టు తాతకు గుండె నీరసించినది. మెట్లెక్కిన ఆయాసము, సాయంకాలమునకు పాదముల వాపు. గుండె సాగి బలహీనపడినదని వైద్యులు మందులిచ్చిరి. అంతలో తెలిసినవారొకరు వచ్చి, లంఖణము పరమౌషధమని పెద్దలు ఊరకే అనలేదనియు, పస్తుండిన యెడల ఒంటిలోని చెత్తను ఒళ్లే తినివేయునని నోబెలు బహుమానము గూడ ఇచ్చిరనియు, ఇక మాత్రలతో పనిలేదనియు బోధించిరి. తాత రెండు దినములు పస్తుండి, మాత్రలు మాని, మమ్ము పిలిచి, "చదువుకుంటున్నారు గదా బాబూ, ఇది నిజమేనా?" అని అడిగెను. ఒక ప్రాణముతో కూడిన ప్రశ్నకు తోచిన బదులు చెప్పరాదని, ముందుగా మా జీవశాస్త్రోపాధ్యాయులతో గూడ తాతను వైద్యునియొద్దకు కొనిపోయి, పిదప పుస్తకములు తెఱచితిమి.

ఒసాకా విశ్వవిద్యాలయమున కిన్యా ఒత్సుగారును వారి సహచరులును 2007లో ప్రకటించిన పరిశోధన మాకు మొదట దారి చూపినది. వారు చుంచెలుకల గుండె కణములలో ఆటోఫజీకి ముఖ్యమగు ఏ.టి.జి.5 అను జన్యువును తొలగించిరి. ఎదిగిన యెలుకలలో తొలగింపగా గుండెలు ఉబ్బి, గదులు సాగి, ముడుచుకొను బలము తగ్గినది. పిండదశయందే తొలగించిన యెలుకలు చూపునకు ఆరోగ్యముగనే యుండెను; కాని బృహద్ధమనిని బిగించి గుండెపై ఒత్తిడి పెంచగా, ఒక్క వారములోనే వాని గుండెలును నీరసించెను.

కారణమేమి? 2012లో వారి బృందమే మఱియొక సంగతి తెలిపినది. మైటోకాండ్రియా పూర్వమెన్నడో బాక్టీరియాలనుండి పుట్టినవి. వానికి తమదైన డి.ఎన్.ఏ. కలదు. శుభ్రత సరిగా జరిగిన యెడల లైసోసోములోని ఎంజైము దానిని తుత్తునియలు చేయును. ఆ ఎంజైము లేని గుండెలపై ఒత్తిడి పెంచగా ఆ డి.ఎన్.ఏ. మిగిలిపోయినది. దేహరక్షణ యంత్రాంగము దానిని బాక్టీరియాగా భ్రమించి గుండెలో వాపు రేపెను. ఇంటివానిని దొంగయని చావగొట్టినట్లయినది.

ఇంతవఱకు చదివిన, స్వభక్షణము ఎంత పెరిగిన అంత మేలనిపించును. కాని టెక్సాసులో జోసెఫ్ హిల్‌గారి బృందము 2007లోనే తద్విరుద్ధమగు ఫలితమును చూపినది. తీవ్రమైన ఒత్తిడికి లోనైన యెలుకలలో ఆటోఫజీ తగ్గినవాని గుండెలు తక్కువగా చెడెను. హెచ్చినవాని గుండెలు ఎక్కువగా చెడెను. ఇల్లు ఊడ్చుట మంచిదే. ఊడ్చుచు ఊడ్చుచు గోడలను గూడ ఊడ్చివేసిన నిలుచుట యెక్కడ? ఎప్పుడు, ఎంత అనునదే ఇచ్చట ముఖ్యము.

తాతతో మేమిట్లు చెప్పితిమి. నీవు విన్న బహుమానము నిజము. అది ఈస్టు కణములలో కనుగొన్న మర్మమునకు వచ్చినది; పస్తునకు వచ్చినది కాదు. ఎలుకల గుండెలలో చూచినది మనుష్యుల చికిత్స కాలేదు. గుండె నీరసమునకు పస్తు మందని నేటికిని రుజువు కాలేదు. నీరు తీయు మాత్రలు, రక్తపుపోటు మాత్రలు వాడువారు వైద్యుని అడుగక పస్తుండిన అపాయము. మాత్రలను తమంతట మానుట అంతకంటె అపాయము. వైద్యులును ఈ మాటయే చెప్పియుండుటచే తాత మాత్రలు మరల మొదలుపెట్టెను. "మరి ఆ ఎలుకల మందు మాకెప్పుడొస్తుంది బాబూ?" అని మాత్రము అడిగెను. ఆటోఫజీని సరిపాళ్ల నిలిపి గుండెను కాపాడు మందు నేటికిని వైద్యుల చేతికి రాలేదు. ఆ మాట చెప్పుట మాకు కష్టమయ్యెను, ఐనను చెప్పితిమి.

సోదర విద్యార్థులారా! మన యిండ్లలో అక్షరము రానివారు మన చదువును నమ్మి ప్రశ్నలడుగుదురు. గొప్ప బహుమానము పేరు చెప్పి ఎవరైన ఒక వైద్యమును బోధించినపుడు మూడు మాటలు విచారింపుడు: ఏ ప్రాణియందు చూచిరి? ఎట్టి స్థితిలో చూచిరి? మనుష్యులయందు పరీక్షించిరా? ఈ మూడింటికి జవాబు దొరకువఱకు ఎవరి మాత్రలను మాన్పింపకుడు.